సీడీ, డీవీడీ, బ్లూరే రైటింగ్: పాటలకూ డేటాకూ సమగ్ర మార్గదర్శి

రైటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి: ఈ డిస్కు చివరికి ఎందులో తిరగాలి? హాల్లో ఉన్న పాత మ్యూజిక్ సిస్టమ్‌లోనా, కారు స్టీరియోలోనా, టీవీ కింది డీవీడీ ప్లేయర్‌లోనా, లేక పదేళ్ల తర్వాత ఎవరి కంప్యూటర్‌లోనో తెరుచుకోవాలా? ఏ డిస్కు కొనాలి, ఏ పద్ధతిలో రాయాలి, ఎంత వేగంతో రాయాలి, ఫైళ్లకు ఏ పేర్లు పెట్టాలి అన్నవన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి. "రైట్ అయింది గానీ ప్లే అవడం లేదు" అంటే చాలాసార్లు డ్రైవూ బాగానే ఉంటుంది, డిస్కూ బాగానే ఉంటుంది. ఆడియో సీడీ కావాల్సిన చోట ఎంపీ3 ఫైళ్ల సీడీ రాసి ఉంటారు, లేదా డిస్కును ముగించకుండా (ఫైనలైజ్ చేయకుండా) బయటికి తీసి ఉంటారు.

ఏ డిస్కు కొనాలి

ఒక్కసారే రాయగల సీడీ-ఆర్ మీద 700 ఎంబీ, 80 నిమిషాలు అని రెండు అంకెలు ఉంటాయి. డేటాకు మొదటిది, పాటల సీడీకి రెండోది లెక్క. 80 నిమిషాల పాటలు వేవ్ ఫైళ్లుగా హార్డ్ డిస్కులో 807 ఎంబీ దాకా ఉంటాయి. అవి 700 ఎంబీ సీడీలో ఎలా పడతాయని చాలామందికి అనుమానం. సీడీ మీద సెకనుకు 75 సెక్టార్లు, అంటే రాత పట్టే చిన్న గళ్లు, ఉంటాయి. పాట రాసేటప్పుడు ఒక్కో సెక్టారులో 2352 బైట్లూ పాటకే పోతాయి. డేటా రాసేటప్పుడు మాత్రం అందులో 2048 బైట్లే మన ఫైలుకు దక్కుతాయి. మిగతా చోటు సెక్టారు చిరునామాకూ, తప్పులు దిద్దుకునే అదనపు సమాచారానికీ పోతుంది. పాటలో ఒక్క శాంపిల్ (శబ్దాన్ని కొలిచిన ఒక అంకె) పోతే అటూ ఇటూ ఉన్నవాటిని చూసి ప్లేయర్ పూడ్చేస్తుంది, చెవికి తెలియదు. జిప్ ఫైల్లో ఒక్క బైటు పోయినా ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు. అందుకే డేటాకు ఆ అదనపు రక్షణ.

డీవీడీ మీద 4.7 జీబీ అని ఉంటుంది, విండోస్‌లో అదే 4.38 జీబీగా కనిపిస్తుంది. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది, తేడా అంతే. 8.5 జీబీ డ్యూయల్ లేయర్ (రెండు పొరల డీవీడీ) 7.96గా, 25 జీబీ బ్లూరే 23.3గా కనిపిస్తాయి. ఫైళ్లు సర్దేటప్పుడు ఈ చిన్న అంకెనే నమ్మండి.

డీవీడీ-ఆర్, డీవీడీ+ఆర్ వేర్వేరు కంపెనీల కూటములు తెచ్చిన ప్రమాణాలు. ఇప్పుడున్న డ్రైవులు రెండింటినీ రాస్తాయి. బాగా పాత డీవీడీ ప్లేయర్ కోసమైతే డీవీడీ-ఆర్ తీసుకోండి. కంప్యూటర్ కోసమైతే ఏదైనా ఒకటే.

మళ్లీ మళ్లీ రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూ తయారీ వేరు. సీడీ-ఆర్‌లో రంగు పొరను లేజరు శాశ్వతంగా మారుస్తుంది. ఆర్‌డబ్ల్యూలో రంగుకు బదులు వెండి, ఇండియం, యాంటిమొనీ, టెల్లూరియం కలిసిన మిశ్రలోహం ఉంటుంది. లేజరు వేడికి అది కరిగి, చల్లారే తీరును బట్టి స్ఫటికంగానో, స్ఫటికం కాని రూపంలోనో గట్టిపడుతుంది. ఆ మార్పును సుమారు 1000 సార్లు తిరగరాయవచ్చు. కానీ ఈ పొర వెలుగును తిప్పికొట్టే శాతం మామూలు సీడీలో మూడో వంతు కూడా ఉండదు. సీడీ-ఆర్‌డబ్ల్యూ రాకముందు తయారైన ప్లేయర్లు దీన్ని డిస్కుగానే గుర్తించకపోవడానికి కారణం ఇదే. మీ పాత ప్లేయర్ "నో డిస్క్" అంటే దాన్ని తిట్టుకోకండి, సీడీ-ఆర్ వాడి చూడండి.

ఆర్‌డబ్ల్యూ కొనేటప్పుడు వేగం తరగతి కూడా చూడాలి. 1 నుంచి 4ఎక్స్ (ఎక్స్ అంటే వేగం కొలత, కింద వివరం ఉంది) మామూలు రకం, 12ఎక్స్ దాకా హై స్పీడ్, ఆపైన అల్ట్రా స్పీడ్. పాత డ్రైవు అల్ట్రా స్పీడ్ డిస్కును చదువుతుందేమో గానీ రాయలేదు. సాఫ్ట్‌వేర్‌లో అది ఏదో అర్థం కాని ఎర్రర్‌గా కనిపిస్తుంది.

దాచుకోవడానికి రాస్తుంటే ఆర్‌డబ్ల్యూ వద్దు, ఒకసారి రాసే డిస్కే కావాలి. బ్లూరేలో కొంటే ప్యాకెట్ మీద ఎల్‌టీహెచ్ అని ఉన్నవి వదిలేయండి, అవి సీడీ-ఆర్ లాగే సేంద్రియ రంగు వాడేవి. మామూలు బీడీ-ఆర్‌లో (ఒకసారి రాసే బ్లూరేలో) నిరింద్రియ పొర ఉంటుంది, ఎండకూ వేడికీ అది మెరుగ్గా నిలుస్తుంది. ఎం-డిస్క్ అనేది కూడా నిరింద్రియ పొరతో వచ్చేదే. డీవీడీ రకం ఎం-డిస్కును రాయాలంటే ఆ పేరు ఉన్న డ్రైవే ఉండాలి.

కొనుగోలులో ఇప్పుడో చిక్కు ఉంది. సీడీ-ఆర్‌ను కనిపెట్టిన జపాను కంపెనీ తైయో యూడెన్ 2015తో ఈ వ్యాపారం మానుకుంది. మన దగ్గర ఇంటింటా కనిపించిన మోజర్ బేర్ 2018లో దివాలా ప్రక్రియలో మూతపడింది. సోనీ 2025 మొదట్లో రికార్డబుల్ బ్లూరే తయారీ ఆపేసింది. కాబట్టి షాపులో దొరికేది ఏళ్ల తరబడి పడున్న పాత సరుకు కావచ్చు, పేరు ఒకరిది, తయారీ మరొకరిది కావచ్చు. 50 డిస్కుల కేక్ బాక్స్ ఒకేసారి కొనకండి. ముందు ఐదారు విడివిడిగా తెచ్చి రాసి చూడండి. సీడీ-ఆర్‌ను ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి చూస్తే సూదిమొనంత వెలుగు చుక్కలు కనబడుతున్నాయంటే వెనక లోహపు పూత సరిగా పడలేదన్నమాట. ఐఎంజీబర్న్ అనే రైటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే కుడివైపు తయారీదారు గుర్తు కనిపిస్తుంది. రెండు వేర్వేరు బ్రాండ్ల పేరుతో కొన్నవి ఒకే ఫ్యాక్టరీవని అక్కడే తెలుస్తుంది.

డ్రైవు, కేబులు, కరెంటు

ల్యాప్‌టాప్‌కు తగిలించే సన్నని యూఎస్‌బీ డ్రైవుతో వచ్చే కష్టాల్లో ముందు అనుమానించాల్సింది కరెంటును. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపియర్లు. మోటారు పుంజుకునేటప్పుడు, లేజరు రాసే బలంతో మండేటప్పుడు డ్రైవు అంతకు మించి లాగుతుంది. చదవడం బాగానే ఉండి రాయడం మధ్యలో ఆగిపోతోందంటే హబ్ తీసేసి నేరుగా పోర్టులో పెట్టండి. రెండు తలల కేబులు ఇచ్చి ఉంటే రెండూ గుచ్చండి. సీపీయూ ముందున్న పోర్టు కాకుండా వెనక మదర్‌బోర్డు పోర్టు వాడండి. పొడుగాటి ఎక్స్‌టెన్షన్ కేబులు వద్దు.

డ్రైవు బల్లపరుపుగా, కదలకుండా ఉండాలి. 48ఎక్స్ దగ్గర సీడీ నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరుగుతుంది. మంచం మీదో, ఒళ్లోనో పెట్టుకుని రాస్తే ఆ కుదుపు రాతలో కనిపిస్తుంది.

వేగం ఎంత పెట్టాలి

ఎక్స్ అనే గుర్తుకు ఒక్కో డిస్కులో ఒక్కో విలువ. సీడీలో 1ఎక్స్ అంటే సెకనుకు 150 కేబీ, డీవీడీలో దాదాపు 1.385 ఎంబీ, బ్లూరేలో 4.5 ఎంబీ. డీవీడీ 8ఎక్స్‌ను సీడీ 8ఎక్స్‌తో పోల్చలేం.

"ఎంత మెల్లగా రాస్తే అంత మంచిది" అనే మాట బాగా ప్రచారంలో ఉంది. అది సగమే నిజం. 52ఎక్స్ అని ఉన్న సీడీ రంగు పొరను పెద్ద వేగానికి తగ్గట్టు తయారు చేస్తారు. దాన్ని 1ఎక్స్‌లోనో 2ఎక్స్‌లోనో రాస్తే లేజరు ఒకే చోట ఎక్కువసేపు నిలిచి గుర్తుల అంచులు చెదురుతాయి. అట్ట మీద ఉన్న గరిష్ఠ వేగంలో మూడో వంతు నుంచి సగం దాకా పెట్టుకోవడం మంచి లెక్క. పాటల సీడీకి 16 నుంచి 24ఎక్స్, డేటా సీడీకి 24ఎక్స్, 16ఎక్స్ డీవీడీకి 8ఎక్స్, డ్యూయల్ లేయర్‌కు 4ఎక్స్, బ్లూరేకు 4ఎక్స్. నిండు సీడీ 16ఎక్స్‌లో 5 నిమిషాల పైచిలుకు, డీవీడీ 8ఎక్స్‌లో 8 నిమిషాల చిల్లర, 25 జీబీ బ్లూరే 4ఎక్స్‌లో 23 నిమిషాలకు కాస్త పైన పడుతుంది. సరిచూసే సమయం దీనికి అదనం.

డేటా డిస్కు: వరస

1. రాయాల్సినవన్నీ ముందు కంప్యూటర్ లోపలి డిస్కులో ఒకే ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి. పెన్‌డ్రైవ్ నుంచో, వైఫై మీద వేరే కంప్యూటర్ నుంచో నేరుగా రాయకండి. ఇప్పటి డ్రైవుల్లో డేటా అందడం ఆలస్యమైతే రాత ఆపి మళ్లీ అందుకునే ఏర్పాటు ఉంది, డిస్కు వృథా కాదు. కానీ అలా ఆగిన చోటల్లా రాత అతుకు పడుతుంది.

2. విండోస్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే రెండు దారులు చూపిస్తుంది: యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా, సీడీ/డీవీడీ ప్లేయర్‌తో. మొదటిది పెన్‌డ్రైవ్ లాగా లాగి వదలడానికి వీలుగా ఉంటుంది గానీ, ఆ డిస్కు కారులో, ప్లేయర్‌లో, పాత కంప్యూటర్లలో తెరుచుకోకపోవచ్చు. ఇతరులకు ఇచ్చేదానికీ, దాచుకునేదానికీ రెండోదే ఎంచుకోండి. ఇంకా మెరుగైన పట్టు కావాలంటే విండోస్‌లో ఐఎంజీబర్న్, సీడీబర్నర్ఎక్స్‌పీ, లినక్స్‌లో కే3బీ, బ్రసెరో ఉన్నాయి. అన్నీ ఉచితమే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వేరే ప్రోగ్రాములకు పెట్టి ఉన్న టిక్కులు తీసేయండి.

3. ఫైల్ సిస్టమ్ ఎంచుకోండి, అంటే డిస్కు మీద ఫైళ్ల పేర్లూ చోట్లూ నమోదయ్యే పద్ధతి. సీడీకి ఐఎస్ఓ 9660, జోలియెట్ రెండూ కలిపి. డీవీడీకి వాటితో పాటు యూడీఎఫ్. ఒక్క ఫైలే 4 జీబీ దాటితే యూడీఎఫ్ తప్పనిసరి.

4. ఫైళ్ల పేర్లు. ఇక్కడ తెలుగులో పేర్లు పెట్టేవాళ్లు కొంచెం ఆగాలి. ఐఎస్ఓ 9660 కచ్చితమైన రూపంలో రోమన్ పెద్ద అక్షరాలు, అంకెలు, కింది గీత తప్ప ఏవీ పట్టవు. జోలియెట్‌లో తెలుగు లిపి నిక్షేపంగా పడుతుంది, కానీ పేరుకు 64 అక్షరాల హద్దు ఉంది. ఆ లెక్క మన కంటి లెక్క కాదు. "శ్రీకృష్ణ" అనే మాట కంటికి మూడు అక్షరాలే. కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, దీర్ఘం, క, ఋత్వం, ష, పొల్లు, ణ అని మొత్తం 9. ఒత్తులు ఎక్కువున్న పేరైతే 20, 25 అక్షరాలకే హద్దు దాటి తోక తెగిపోతుంది. చివర తెగిన పేర్లు రెండు ఒకేలా మిగిలితే సాఫ్ట్‌వేర్ ఒకదానికి దాని ఇష్టప్రకారం అంకె తగిలిస్తుంది. కాబట్టి తెలుగు పేర్లు పొట్టిగా ఉంచండి, ముందు 01, 02 అని వరస అంకె పెట్టండి. అసలు పూర్తి పేర్ల జాబితాను ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి డిస్కులోనే వేయండి.

5. నేరుగా డిస్కు మీదికి పోకుండా ముందు ఐఎస్ఓ ఇమేజ్, అంటే డిస్కు మీద పడబోయేదంతా ఒకే ఫైలుగా, తయారు చేయండి. సరిపడకపోతే, ఏ ఫైలైనా తెరుచుకోకపోతే ఇక్కడే తెలుస్తుంది, డిస్కు పోదు. ఆ ఇమేజ్‌ను విండోస్‌లో డబుల్ క్లిక్ చేస్తే డ్రైవులా తెరుచుకుంటుంది. ఫోల్డర్లు సరిగా పడ్డాయో లేదో చూసుకోండి.

6. ఇమేజ్‌ను డిస్కు మీదికి రాయండి. "వెరిఫై" (రాశాక చదివి సరిచూడటం) టిక్ ఉంచండి. అంచు దాకా నింపకండి. డిస్కు బయటి అంచు దగ్గరే ఊగిసలాట ఎక్కువ, వేలిముద్రలూ అక్కడే పడతాయి. డీవీడీలో 4.2 జీబీ దగ్గర ఆపేయడం మంచి అలవాటు.

7. ఇంకేమీ చేర్చేది లేకపోతే డిస్కును ముగించండి. సాఫ్ట్‌వేర్‌లో ఇది "ఫైనలైజ్" లేదా "క్లోజ్ డిస్క్" అని ఉంటుంది.

విడతలు విడతలుగా రాయాలంటే ముగించకుండా తెరిచి ఉంచవచ్చు. దీన్ని మల్టీసెషన్ అంటారు. సీడీలో మొదటి విడత మూసినప్పుడు 22 ఎంబీ, ఆ తర్వాత ప్రతి విడతకూ 13 ఎంబీ చొప్పున మూతకే పోతాయి. రోజూ 2 ఎంబీ చొప్పున రాస్తే సీడీ అంతా మూతలతోనే నిండిపోతుంది. కొత్త విడత రాసేటప్పుడు "పాత సెషన్‌ను కలుపు" అనేది మరిచిపోతే పాత ఫైళ్లు కనిపించవు. అవి పోలేదు, డిస్కు మీదే ఉన్నాయి. కొత్త జాబితాలో వాటి పేర్లు లేవంతే. ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పాత సెషన్ తెరిచి వాటిని తీసుకోవచ్చు.

పాటల సీడీ

ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఇదే. ఆడియో సీడీలో ఫైళ్లుండవు, ఫోల్డర్లుండవు. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో శబ్దం ఒకే పొడుగాటి దారంలా ఉంటుంది. ఏ పాట ఏ నిమిషం దగ్గర మొదలవుతుందో చెప్పే పట్టిక డిస్కు లోపలి అంచున ఉంటుంది. 99 పాటల దాకా పడతాయి, ఒక్కో పాట కనీసం 4 సెకన్లు ఉండాలి. సినిమా పాటలు ఐదేసి నిమిషాలనుకుంటే 16 పడతాయి, అంటే మూడు సినిమాలు.

ఎంపీ3లను ఆడియో సీడీగా రాస్తే సాఫ్ట్‌వేర్ వాటిని విప్పి రాస్తుంది. విప్పినంత మాత్రాన నాణ్యత తిరిగి రాదు. 128 కేబీపీఎస్‌లో (సెకనుకు 128 కిలోబిట్లలో) పోయిన తాళం చప్పుళ్లు, గాలి పలుకులు పోయినట్టే. మూలం ఫ్లాక్‌గానో (నాణ్యత పోకుండా కుదించే రకం) వేవ్‌గానో దొరికితే అదే వాడండి. వీడియోల నుంచి తీసిన శబ్దం సాధారణంగా 48 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, దాన్ని ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో 44.1కు మార్చుకోండి.

ఇంట్లోని పాత హరికథ క్యాసెట్‌ను సీడీకి ఎక్కించే పని తీసుకుందాం. సీ-60 క్యాసెట్ రెండు వైపులా కలిపి 60 నిమిషాలు, ఒక సీడీలో హాయిగా పడుతుంది. సీ-90 పట్టదు, రెండు సీడీలు కావాలి, ఒక్కో వైపు ఒక్కో సీడీకి. 90 నిమిషాలను 80లో ఇరికించాలని వేగం పెంచకండి, శ్రుతి మారిపోతుంది.

క్యాసెట్ ప్లేయర్ హెడ్‌ఫోన్ లేదా లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు తీగ కలపండి. రికార్డింగ్ మట్టం ఆడాసిటీ మీటరులో అతి పెద్ద శబ్దం దగ్గర కూడా మైనస్ 6 డెసిబెళ్లు దాటకుండా పెట్టుకోండి. 0 తాకితే ఆ చోట శబ్దం పగిలిపోతుంది, తర్వాత ఏం చేసినా బాగుపడదు.

ఇప్పుడు ఒకే పెద్ద ఫైలును ట్రాకులుగా కోయాలి. ఇక్కడే చాలా సీడీల్లో "టిక్" మనే చప్పుడు చేరుతుంది. సీడీ మీద ఒక సెక్టారులో సరిగ్గా 588 శాంపిళ్లు పడతాయి, 44,100ను 75తో భాగిస్తే వచ్చేది అదే. మీరు కోసిన ముక్క 588 గుణిజం కాకపోతే, చివరి సెక్టారులో మిగిలిన చోటును సాఫ్ట్‌వేర్ నిశ్శబ్దంతో నింపుతుంది. భాగవతారు ఊపిరి తీసుకోకుండా పాడుతున్న చోట కోస్తే, సెకనులో డెబ్బై అయిదో వంతు కన్నా తక్కువే అయినా, ఆ నిశ్శబ్దం చెవికి గుచ్చుకుంటుంది. ఆడాసిటీలో కింద సమయం చూపించే చోట "సీడీడీఏ ఫ్రేములు" ఎంచుకుని, స్నాప్ ఆన్ చేయండి. ఇక ఎక్కడ కోసినా సెక్టారు గీత మీదే కోత పడుతుంది. వీలైతే చిడతలు ఆగి మాట మొదలయ్యే చోటే కోయండి.

అన్ని ముక్కల మట్టమూ ఒక్కసారిగా సరిచేయండి, ఒక్కోదాన్నీ విడివిడిగా పెంచకండి. విడిగా పెంచితే మెల్లగా చెప్పిన వచనమూ గట్టిగా పాడిన పద్యమూ ఒకే గొంతులో వినిపిస్తాయి, కథ చెప్పే తీరే చెడుతుంది. వేర్వేరు సినిమాల పాటలు కలిపి రాసేటప్పుడు మాత్రం విడివిడిగా సరిచేయడం సబబే.

రాసే పద్ధతి దగ్గర "డిస్క్ ఎట్ వన్స్" ఎంచుకోండి. "ట్రాక్ ఎట్ వన్స్" అయితే ఒక్కో పాట తర్వాత లేజరు ఆగి మళ్లీ మొదలవుతుంది, మధ్యలో 2 సెకన్ల ఖాళీ తప్పదు. డిస్క్ ఎట్ వన్స్‌లో మొదటి ట్రాకు ముందు తప్ప మిగతా ఖాళీలన్నీ 0 చేయవచ్చు. హరికథకు, కచేరీకి, బుర్రకథకు 0 పెట్టండి. సినిమా పాటల కూర్పుకు 2 సెకన్లు చెవికి బాగుంటాయి.

ప్లేయర్ మీద పాట పేరు కనబడాలంటే రైటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సీడీ-టెక్స్ట్ నింపాలి. ఇందులో తెలుగు లిపి పట్టదు. ఈ ఏర్పాటు యూనికోడ్ వాడుకలోకి రాకముందు తయారైంది. పేర్లు రోమన్ లిపిలో, పొట్టిగా రాయండి. సీడీ-టెక్స్ట్ కూడా డిస్క్ ఎట్ వన్స్‌లోనే పడుతుంది.

చివరికి 16ఎక్స్ దగ్గర రాసి, ముగించండి. ముగించని ఆడియో సీడీ రాసిన డ్రైవులో పాడుతుంది, మ్యూజిక్ సిస్టమ్‌లో పాడదు. పాటల పట్టిక ఇంకా దాని చోట్లో పడలేదు కాబట్టి.

కారు కోసం ఎంపీ3 సీడీ

ఇది పేరుకు పాటల సీడీయే గానీ నిజానికి డేటా సీడీ. ప్లేయర్ మీద ఎంపీ3 గుర్తు ఉంటేనే పాడుతుంది. 128 కేబీపీఎస్‌లో 12 గంటల పైన, 192లో ఎనిమిదిన్నర గంటలు, 320లో 5 గంటలు పడతాయి. కారు చప్పుడులో 192కూ 320కూ తేడా వినబడదు, 192 చాలు.

ఫైల్ సిస్టమ్ ఐఎస్ఓ 9660, జోలియెట్ మాత్రమే. యూడీఎఫ్ పెట్టకండి, చాలా కారు స్టీరియోలకు అది అర్థం కాదు. ఫోల్డర్లో ఫోల్డర్లో ఫోల్డర్ వద్దు, ఒక్క వరస చాలు. ఫోల్డర్లు, ఫైళ్లు ఎన్ని దాకా చదువుతుందో స్టీరియో మాన్యువల్లో ఉంటుంది, ముందే చూసుకోండి. పేరుకు ముందు 01, 02 అని రాయండి. 1, 2 అని రాస్తే 10వ పాట 2 కన్నా ముందు వస్తుంది. తెలుగు లిపిలో పేర్లున్న పాటలకు స్టీరియో తెర మీద డబ్బాలో ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి. పాట మాత్రం వస్తుంది. లోపలి ట్యాగులు (ఎంపీ3 ఫైల్లోనే ఉండే పాట పేరు, గాయకుల వివరాలు) కూడా రోమన్‌లోకి మార్చుకుంటే తెర చదవగలిగేలా ఉంటుంది.

చెరిపి మళ్లీ రాయడం

సీడీ-ఆర్‌డబ్ల్యూ చెరపడంలో రెండు రకాలు. క్విక్ అంటే పట్టికను మాత్రం చెరిపేయడం, ఒకటి రెండు నిమిషాల పని. ఫుల్ అంటే మొత్తం పొరను మళ్లీ స్ఫటికంగా మార్చడం, 4ఎక్స్‌లో 20 నిమిషాలు. బ్యాంకు కాగితాలు, ఆధార్ స్కాన్లు ఉన్న డిస్కును ఇతరులకు ఇచ్చేముందు క్విక్ సరిపోదు, కింద రాత అలాగే ఉంటుంది. రాత మధ్యలో ఎర్రర్లు ఇస్తున్న ఆర్‌డబ్ల్యూకు కూడా ఒకసారి ఫుల్ చేస్తే చాలాసార్లు మళ్లీ దారికొస్తుంది.

డీవీడీ+ఆర్‌డబ్ల్యూను చెరపనక్కర్లేదు, పాతదాని మీదే కొత్తది రాయవచ్చు. డీవీడీ-ఆర్‌డబ్ల్యూకు చెరపాలి. దాన్ని క్విక్ చేస్తే ఆ తర్వాత మొత్తం ఒకే దెబ్బన మాత్రమే రాయగలం, విడతలుగా రాయలేం. విడతలు కావాలంటే ఫుల్ చేయాలి. డీవీడీ ప్లేయర్ రిపేరు చూడటానికో, కారు కోసం కొత్త వరస ప్రయత్నించడానికో ఒక ఆర్‌డబ్ల్యూ ఇంట్లో ఉంచుకోవడం మంచిది. సరైన వరస కుదిరాక సీడీ-ఆర్ మీద రాసుకోవచ్చు.

ప్రయత్నానికి సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ మోడ్ కూడా ఉంటుంది, లేజరు బలం పెంచకుండా ఉత్తుత్తి రాత. సీడీలకు, డీవీడీ-ఆర్‌కు ఇది పనిచేస్తుంది. డీవీడీ+ఆర్‌కు, బ్లూరేకు ఈ సౌకర్యం లేదు.

పెళ్లి వీడియో డీవీడీని అమెరికాలో ఉన్నవాళ్లకు పంపేటప్పుడు ఒక సంగతి: మన దగ్గర తయారయ్యేవి పాల్ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు. అక్కడి చాలా ప్లేయర్లు అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ మాత్రమే పాడతాయి. కంప్యూటర్‌లో పెడితే ఏ ఇబ్బందీ ఉండదు. ప్లేయర్‌లోనే చూస్తామంటే ఎన్‌టీఎస్‌సీలోకి మార్చి రాయాలి.

రాశాక సరిచూడటం

సాఫ్ట్‌వేర్ "విజయవంతం" అని చూపించడం రాత ముగిసిందని చెబుతుంది, చదవవచ్చని కాదు. డిస్కును బయటికి తీసి మళ్లీ పెట్టి చదివించండి. అలా చేయకపోతే విండోస్ తన జ్ఞాపకంలో ఉన్నదే చూపించవచ్చు. వీలైతే వేరే డ్రైవులో చదివించండి. రాసిన డ్రైవు తన రాతను తాను ఎలాగోలా చదువుకుంటుంది, అసలు పరీక్ష పక్కవాడి డ్రైవులోనే.

డేటాకు సెవెన్‌జిప్‌తో ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే ఎస్‌హెచ్ఏ-256 అంకె వస్తుంది, అది ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది. రాయకముందు అన్ని ఫైళ్ల అంకెలూ తీసి ఒక టెక్స్ట్ ఫైల్లో వేసి డిస్కులోనే రాయండి. ఎన్నేళ్ల తర్వాతైనా మళ్లీ తీసి పోల్చుకోవచ్చు. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు చెడినట్టు.

నిజంగా విలువైనవాటికి, ఊళ్లో పెద్దల గొంతులో పాడించి రికార్డు చేసిన పాటలకు, పాత ఫొటోలకు, ఇంకో మెట్టు ఎక్కండి. డీవీడిజాస్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఐఎస్ఓ ఇమేజ్‌లో మిగిలిన ఖాళీని దిద్దుబాటు సమాచారంతో నింపుతుంది. డిస్కులో కొన్ని సెక్టార్లు పోయినా ఆ సమాచారంతో పూర్తిగా తిరిగి తెచ్చుకోవచ్చు. డీవీడీలో 3.5 జీబీయే నింపి మిగతాది దీనికి వదిలేయండి. ఒకే డిస్కును నమ్మకండి, రెండు వేర్వేరు తయారీదారులవి తీసుకుని రెండు ప్రతులు రాసి రెండు ఇళ్లలో పెట్టండి.

ఎక్కడ చెడుతుంది, ఎందుకు

"పవర్ క్యాలిబ్రేషన్ ఎర్రర్": రాయబోయే ముందు డ్రైవు డిస్కు లోపలి అంచున చిన్న గుర్తులు వేసి లేజరు బలం ఎంత కావాలో చూసుకుంటుంది. అది తేలకపోతే ఈ ఎర్రర్. వేగం తగ్గించి చూడండి, వేరే కంపెనీ డిస్కు పెట్టి చూడండి. ఏ డిస్కుకైనా ఇదే వస్తుంటే లెన్సు మీద దుమ్ము ఉండవచ్చు, లేజరు అలిసిపోయి ఉండవచ్చు. సన్నని డ్రైవులో ట్రే తెరిస్తే లెన్సు పైకే కనిపిస్తుంది. గాలి బల్బుతో ఊదండి, పోకపోతే పొడి కాటన్ బడ్‌తో నొక్కకుండా ఒక్కసారి తాకించండి.

డ్యూయల్ లేయర్ సరిగ్గా సగం దగ్గర ఆగిపోతే, మొదటి పొర నుంచి రెండో పొరకు లేజరు దృష్టి మారే చోటు అది. 4ఎక్స్‌కు తగ్గించండి. అయినా ఆగితే డిస్కు నాణ్యతే కారణం. రెండు మామూలు డీవీడీలుగా విడగొట్టి రాయడం మేలు.

వెరిఫై చివర్లో, 90 శాతం దాటాక తప్పులొస్తే బయటి అంచు సమస్య. తక్కువ నింపండి, వేగం తగ్గించండి, డ్రైవు వేడెక్కి ఉంటే అరగంట ఆపండి. వరసగా నాలుగైదు డిస్కులు రాసేవాళ్లకు ఇది ఎక్కువగా ఎదురవుతుంది.

పాట ఆగి ఆగి వస్తుంటే ముందు డిస్కును తుడవండి. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు గీతలా తుడవాలి, గుండ్రంగా కాదు. సీడీ తప్పు దిద్దే లెక్క సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొడవున రాత పోయినా పూడుస్తుంది. మధ్య నుంచి అంచుకు పడిన గీత ఒక్కో చుట్టులో కొంచెమే కోస్తుంది. గుండ్రపు గీత అదే చుట్టును పొడుగునా తినేస్తుంది.

సీడీలో అందరూ మెరిసే వైపునే కాపాడతారు. అసలు ప్రమాదం పేరు రాసే వైపు. సీడీ 1.2 మిల్లీమీటర్ల మందంలో రాత పొర దాదాపు పైనే, పల్చని లక్క పూత కింద ఉంటుంది. బాల్ పెన్నుతో పేరు రాస్తే నేరుగా దాని మీదే గీసినట్టు. సీడీల కోసం అమ్మే మెత్తని మొన మార్కరుతో, వీలైతే మధ్యలోని పారదర్శక వలయం మీద రాయండి. కాగితపు స్టిక్కరు వద్దు, కాస్త పక్కకు అంటినా డిస్కు ఊగుతుంది, తీయబోతే పూత ఊడి వస్తుంది. డీవీడీలో రాత రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది, పైగీతలకు కాస్త నయం. బ్లూరేలో అది మెరిసే వైపు 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, గట్టి పూత ఉన్నా ఆ వైపు వేలు పెట్టకండి.

రాసిన డిస్కులను నిలువుగా, గట్టి కేసుల్లో, చీకటిగా చల్లగా ఉండే చోట పెట్టండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ సూచించేది 4 నుంచి 20 డిగ్రీలు, తేమ 20 నుంచి 50 శాతం. విశాఖ, కాకినాడల్లో ఆ తేమ అందదు. మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి, పొట్లాలను అప్పుడప్పుడూ మార్చండి. మెత్తని ప్లాస్టిక్ పౌచ్‌లు ఉక్కకు డిస్కుకు అంటుకుంటాయి. రోహిణి కార్తెలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలిన సీడీ-ఆర్ వంగనైనా వంగుతుంది, రంగైనా పోతుంది. కారు కోసం రాసినదానికి అసలు ప్రతి ఇంట్లో ఉంచండి. దాచిన డిస్కులను రెండు మూడేళ్లకోసారి తీసి ఎస్‌హెచ్ఏ అంకెలు సరిపోల్చండి. చదవడం మెల్లగా సాగుతూ, డ్రైవు అదే చోట మళ్లీ మళ్లీ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తే ఆ రోజే కొత్త డిస్కు మీదికి ఎక్కించండి.